ఇంటర్‌ఫెరాన్ నోరు నొక్కిన మహానుభావులకు

సొంత ఒంటి మీదే తిరగబడే యాంటీబాడీ, మహారాజశ్రీ ఆటోయాంటీబాడీ గారికి,

శ్రీకాకుళం నుంచి వ్రాయు ఉత్తరం ఏమనగా, ఇచ్చట మేము క్షేమంగా లేము. అచ్చట తమరు క్షేమమేనని తలుస్తాను. అచ్చట అంటే మా నాన్న ఒంట్లోనే. తమరి మకాం అక్కడే అయ్యుంటుందని డాక్టరుగారి అనుమానం.

ఉత్త అనుమానమే. రుజువు దొరుకుతుందేమోనని నిన్న ఓ ల్యాబుకి వెళ్లాం. చీటీలో ఇంటర్‌ఫెరాన్ ఆల్ఫా, ఒమేగాల (వైరస్ వచ్చిందని కణాలకి చాటే ప్రోటీన్లలో రెండు రకాలు) మీద యాంటీబాడీలు అని స్పష్టంగా ఉంది. కౌంటరులో కుర్రాడు చూసి, "ఆటోయాంటీబాడీయే కదండీ, మూడింటికల్లా రిపోర్టు" అన్నాడు. మూడు ఆరయ్యింది. తీరా చేతిలో పెట్టింది ఏఎన్ఏ అనే వేరే ఆటోయాంటీబాడీ టెస్టు రిపోర్టు. "నెగటివండీ, మంచిదే కదా!" అని సంతోషపడ్డాడు కూడా. అది లూపస్ లాంటి వేరే జబ్బులకి రాసే టెస్టు. తమరిని పట్టే టెస్టు పరిశోధన ల్యాబుల్లో తప్ప దొరకదట. డబ్బులిమ్మంటే మాత్రం, "బిల్లు కొట్టేశాం కదండీ" అన్నాడు.

సరే, వాడి సంగతి వదిలేద్దాం. నా గొడవంతా తమరితోనే.

వైరస్ సోకిన కణం తన పని అయిపోయినా చుట్టుపక్కల కణాల కోసం ఇంటర్‌ఫెరాన్‌తో దండోరా వేయిస్తుంది. ఆ డప్పు వినబడగానే పక్క కణాలు వందల జన్యువులని నిద్రలేపి, వైరస్ లోపల పెరగకుండా గట్టి ఏర్పాట్లు చేసుకుంటాయి. 1957లో ఐజాక్స్, లిండెన్‌మన్ కనిపెట్టిన సంగతి ఇది. తమరేమో వైరస్ జోలికే వెళ్లరు. డప్పు మనిషిని దారిలోనే పట్టుకుని నోరు నొక్కేస్తారు. మనవాడే కదా అనైనా అనిపించదా? యాంటీబాడీ అనే పేరు పెట్టుకుని, మా తిండి తిని, మా రక్తంలోనే తిరుగుతూ!

పోనీ, తమరున్నట్టు ముందే ఏ దురదో, వాపో, చిన్న నొప్పో చూపించారా? అదీ లేదు. మా నాన్నకి డెబ్బై దాటినా సైకిలు మీద రైతుబజారుకి వెళ్లొచ్చేవారు. బీపీ లేదు, సుగర్ లేదు. ఫ్లూ జ్వరం వస్తే "ఏటవుద్దిరా, తగ్గిపోద్ది" అంటూ పేరాసిట్మాల్ బిళ్ల వేసుకుని పడుకున్నారు. ఇంకో రెండు రోజులకి ఊపిరి అందక అంబులెన్సులో విశాఖ. ఐసీయూ అద్దంలోంచి చూస్తే మాస్కు కింద ఆయన పెదాలు నీలంగా కనబడ్డాయి. చుట్టాలు ఫ్రిజ్ నీళ్లని తిట్టారు. అమ్మ, రథసప్తమికి అరసవల్లి వెళ్లనందుకని ఏడ్చింది. కారణం తెలియని రోగాలు మా జిల్లాకి కొత్త కాదులెండి, ఉద్దానం కిడ్నీల సంగతి లోకానికంతా తెలిసిందే. కానీ ఇక్కడ కారణం తమరేనని తెలిసినట్టే! తెలిసీ పట్టుకునే దారి మాకు లేదు. అక్కడే నాకు మండుతోంది.

2020లో సైన్స్ పత్రికలో తమరి గుట్టు రట్టయ్యింది. ప్రాణాల మీదికొచ్చిన కోవిడ్ న్యుమోనియా రోగులు 987 మందిని చూస్తే కనీసం 101 మందిలో తమరు దొరికారు. వాళ్లలో 95 మంది మగవాళ్లే. కోవిడ్ స్వల్పంగా వచ్చిపోయిన, లేదా వచ్చినట్టే తెలియని 663 మందిలో ఒక్కరిలోనూ లేరు. ఫ్లూతో ప్రాణాపాయంలో పడ్డవారిలోనూ దాదాపు 5 శాతం మందిలో తమరున్నారని తర్వాత తేలింది. డెబ్బై దాటినవాళ్లలో దాదాపు 4 శాతం మందిలో, ఏ జబ్బూ లేకుండానే, నిక్షేపంగా ఉన్నారట. అంటే వయసు చూసి, మీసం చూసి మరీ చేరతారన్నమాట. ఎంత మర్యాద!

మర్యాద గిర్యాద ఇక చాలు. ఒరేయ్, నువ్వు చేసింది ద్రోహం. వైరస్‌ది శత్రువు బుద్ధి, అది దాని బుద్ధి చూపించింది. నువ్వెవడివి? ఏళ్ల తరబడి నోరు మూసుకుని కూర్చుని, సరిగ్గా ఆ నాలుగు రోజులే పనిలోకి దిగుతావా? వాన చినుకు పడితే మా అమ్మ ఇప్పుడు నాన్న నుదుటి మీద చెయ్యి వేసి చూస్తోంది. ఆయన విసుక్కుంటున్నారు.

నాన్న ఇంటికొచ్చేశారు. సైకిలు తాళం నా దగ్గరే ఉంది, రోజూ అడుగుతున్నారు. టెస్టు లేకపోతే లేకపోయింది, నువ్వు ఉన్నట్టే లెక్కేసుకుని నడుచుకోమన్నారు డాక్టరుగారు. ఏటేటా ఫ్లూ టీకా. ఒళ్లు వెచ్చబడితే ఆ రోజే ఆసుపత్రి, ఆ రోజే ఒసెల్టామివిర్ అనే ఫ్లూ మందు. ఇంకో మాట కూడా చెప్పారు. నువ్వు ఆల్ఫా, ఒమేగాలని నొక్కినంతగా ఇంటర్‌ఫెరాన్ బీటా జోలికి పోవట. చాలామందిలో అది నీ చేతికి చిక్కదట. అది వినగానే నాన్న మంచం మీంచి లేచి కూర్చుని, "అయితే ఒకడు మిగిలాడన్నమాట" అన్నారు.

ఇట్లు,
నీ మకాం యజమాని కొడుకు