ఓడిన ఆనంద్‌ని చూసే గుకేశ్ తయారయ్యాడు

2024 డిసెంబరు 12న సింగపూర్‌లో దొమ్మరాజు గుకేశ్ ప్రపంచ చదరంగ కిరీటం గెలిచాడు. చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగు కుర్రాడు, పద్దెనిమిదేళ్లవాడు. ఆ రోజు నుంచి ఈ ఊరి తెలుగు ఇళ్లలో పిల్లలకు ఒకటే పోరు: ‘గుకేశ్‌ని చూసి నేర్చుకో’. అంతకుముందు ఆ స్థానంలో సుందర్ పిచాయ్ ఉండేవారు, సత్య నాదెళ్ల ఉండేవారు. పేర్లు మారతాయి, పోరు మాత్రం మారదు.

చూసి నేర్చుకోమనడంలో తప్పేమీ లేదు. మనిషి ఎదిగేదే మరో మనిషిని చూసి. కానీ మనం చూపిస్తున్నదేమిటి? కప్పు పట్టుకున్న ఫొటో, ప్రైజ్ మనీ ఎంతో చెప్పే పోస్టు, విమానాశ్రయంలో పూలదండలు. కథల పుస్తకంలో చివరి పేజీ చింపి పిల్లల చేతిలో పెడుతున్నట్టే ఉంది ఇది. ఓడిన రోజున ఆ మనిషి ఏం చేశాడో తెలియనంత కాలం అతను ఎవరికీ ఆదర్శం కాలేడని నేను గట్టిగా నమ్ముతున్నాను. మహా అయితే దండం పెట్టించుకుంటాడు. ఈ మాటకు గుకేశ్ కథకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.

2013 నవంబరులో మన అన్నా శాలై మీద, హయత్ రీజెన్సీ హోటల్లో విశ్వనాథన్ ఆనంద్, మాగ్నస్ కార్ల్‌సన్ ప్రపంచ టైటిల్ కోసం తలపడ్డారు. ఆటగాళ్లు అద్దాల గదిలో, జనం బయట. ఆ జనంలో ఏడేళ్ల గుకేశ్ కూడా ఉన్నాడు. ఆనంద్ సొంత ఊళ్లో, సొంత మనుషుల ముందు ఆడారు. పది ఆటల్లో ఒక్కటీ గెలవలేదు. ఐదోది, ఆరోది, తొమ్మిదోది పోగొట్టుకున్నారు. 6.5-3.5 తేడాతో కిరీటం నార్వే వెళ్లిపోయింది. అప్పుడు ఈ ఊరు ఎంత చిన్నబోయిందో ఇక్కడున్న వాళ్లందరికీ గుర్తే.

పదకొండేళ్ల తర్వాత గుకేశ్ విజేతగా మాట్లాడుతూ తలచుకున్నది ఆ మ్యాచ్‌నే. ఏదో ఒక రోజు ఆ అద్దాల గదిలో తాను కూర్చోవాలని అప్పుడే అనుకున్నాడట. కార్ల్‌సన్ గెలిచినప్పుడు, ఈ టైటిల్‌ని మళ్లీ భారత్‌కి తెచ్చేది నేనే కావాలనుకున్నాడట. ఒక్కసారి ఆలోచించండి. ఆనంద్ ఐదుసార్లు ప్రపంచ విజేత. అన్ని విజయాలున్న మనిషి నుంచి ఆ పిల్లాడు మనసులో పెట్టుకున్నది ఆయన ఓడిపోయిన మ్యాచ్. గెలుపులోనే స్ఫూర్తి ఉంటుందనే లెక్క ఇక్కడే తప్పుతోంది. ఆ రోజు ఆనంద్ గెలిచి ఉంటే ఏడేళ్ల పిల్లాడు చప్పట్లు కొట్టి, ఐస్‌క్రీం తిని ఇంటికెళ్లేవాడేమో. ఓడిపోయారు కాబట్టి అక్కడ ఒక ఖాళీ కనబడింది. ఆ ఖాళీలో తనను తాను ఊహించుకున్నాడు.

అంతటితో అయిపోలేదు. ఆ ఓటమి తర్వాత ఐదు నెలలు తిరగకుండానే ఆనంద్, ప్రపంచ విజేతతో తలపడేదెవరో తేల్చే క్యాండిడేట్స్ టోర్నీ ఆడి గెలిచారు, మళ్లీ కార్ల్‌సన్ ఎదుట కూర్చున్నారు, 2014లో మళ్లీ ఓడారు. ఆ తర్వాత కుర్చీ వెనక్కి జరుపుకుని, తన తర్వాతి తరానికి నేర్పే పనిలో పడ్డారు. 2020లో మొదలైన ఆయన అకాడమీలోనే గుకేశ్ రాటుదేలాడు. ఓటమి తర్వాత మనిషి ఎలా ఉండాలో ఆ కుర్రాడికి పాఠంగా ఎవరూ చెప్పనక్కర్లేదు. గురువే కళ్లెదుట అలా బతికారు.

గుకేశ్ నడక కూడా గీత గీసినట్టు సాగలేదు. ప్రపంచంలో అతి పిన్న గ్రాండ్‌మాస్టర్ రికార్డు అతనికి పదిహేడు రోజుల తేడాతో తప్పిపోయింది. 2024 ఏప్రిల్లో టొరంటోలో క్యాండిడేట్స్ ఏడో రౌండ్. గడియారం తరుముతుంటే, ఆట చేతిలోంచి జారిపోయి అలీరెజా ఫిరూజా చేతిలో ఓడాడు. మామూలుగా అయితే టోర్నీ అక్కడితో సరి. మర్నాడు విశ్రాంతి రోజు. తనకు మలుపు అక్కడే వచ్చిందని, ఆ ఓటమే ఊపు ఇచ్చిందని తర్వాత చెప్పాడు. సింగపూర్‌లో అప్పటి ప్రపంచ విజేత డింగ్ లిరెన్‌తో మొదటి ఆటే ఓడాడు, అదీ మొదటి ఎత్తు వేసే వీలున్న తెల్లపావులతో. పదకొండో ఆట గెలిచి ముందుకొస్తే, మర్నాడే పన్నెండోది పోగొట్టుకున్నాడు. పద్నాలుగో ఆటలో డింగ్ తప్పు ఎత్తు వేశాక, గెలుపు ఖాయమైనప్పుడు ముఖం చేతుల్లో దాచుకుని ఏడ్చేశాడు. ఆ తర్వాత చేసిన పని ఎంతమంది గమనించారో తెలియదు గానీ, నాకు కప్పు కంటే అదే గొప్పగా అనిపించింది. కన్నీళ్లు తుడుచుకుంటూనే బల్ల మీద పావులన్నిటినీ ఒక్కొక్కటిగా తిరిగి వాటి గళ్లలో సర్దాడు. ఇంట్లో పిల్లలకు చూపించాల్సిన వీడియో అది.

మా అపార్ట్‌మెంట్లో ఏడో తరగతి అమ్మాయి ఒకరు రెండేళ్లు చెస్ క్లాసుకి వెళ్లి మానేసింది. ఎందుకమ్మా అంటే, ‘తను జీనియస్ కదా, నాకు అంత లేదు’ అంది గుకేశ్ గురించి. ఆ పాపకు టొరంటో ఏడో రౌండ్ సంగతి ఎవరూ చెప్పలేదు. తండ్రి ఈ.ఎన్.టి. ప్రాక్టీసు పక్కనపెట్టి కొడుకు వెంట టోర్నీలకు తిరిగితే, తల్లి ఉద్యోగం మీద ఇల్లు నడిచిందనీ చెప్పలేదు. జీనియస్ అన్న ముద్ర మాత్రం అందరూ చెప్పారు. ఆ ముద్ర గెలిచినవాణ్ణి ఆకాశంలో కూర్చోబెట్టి, కింద ఉన్నవాళ్లకు ‘మీ వల్ల కాదులే’ అని చెప్పేస్తుంది. మనం పెంచాలనుకున్న పట్టుదలకు మన పొగడ్తే అడ్డం పడుతోంది.

దీనికి ఎదురువాదం ఉంది. పిల్లల ముందు ఓటముల కథలు చెబితే డీలా పడతారని, అసలే పరీక్షల టెన్షన్‌లో ఉన్నవాళ్లకు గెలుపు కథలే బలం ఇస్తాయని తల్లిదండ్రులు అంటారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. కానీ డీలా పడేది ఓటమి గురించి విన్నవాళ్లు కాదు. ఓటమి ఎవరికీ రాదనుకుని, తనకు మాత్రమే వచ్చిందని కుమిలేవాళ్లు. మొదటి మాక్ టెస్టులో మార్కులు తగ్గగానే అన్నం మానేసే పిల్లల్ని అడగండి, వాళ్లకు తెలిసిన గొప్పవాళ్లలో ఎంతమంది ఓడిపోయారో. ఒక్క పేరూ చెప్పలేరు.

నిజం మనుషులతో మరో చిక్కుంది. వాళ్ల లోపల ఏం జరిగిందో వాళ్లు చెప్పినంతే మనకు తెలుస్తుంది. పేరొచ్చాక చాలామంది దాన్ని ఇస్త్రీ చేసే చెబుతారు. అందుకే కల్పిత పాత్రలు కావాలంటాను. కథలోని మనిషికి పరువు భయం లేదు. తన భయాన్నీ తెలివితక్కువతనాన్నీ మన ముందు పరిచేస్తాడు. తెలుగులో అలాంటివాడు ఒకడున్నాడు, అతను ఈ ఊరి మీదుగానే వెళ్లాడు కూడా. మొక్కపాటి నరసింహశాస్త్రి గారి పార్వతీశం. ‘బారిస్టర్ పార్వతీశం’ నవల మొదటి భాగం 1924లో వచ్చింది. వందేళ్లుగా మనం అతన్ని చూసి నవ్వుతున్నాం. నా ఉద్దేశంలో అతన్ని చూసి నేర్చుకోవాల్సింది నవ్వినదానికంటే ఎక్కువ.

మొగల్తూరు కుర్రాడు బారిస్టరు కావాలని ఇంగ్లండు బయల్దేరాడు. ఇంగ్లండు ఎలా ఉంటుందో తెలియదు, ఇంగ్లీషు అంతంత మాత్రం, దొరలాగా కనబడాలని దారిలో ఆడవాళ్ల టోపీ కొని తలకెత్తుకున్నాడు. ఓడలో భోజనాల బల్ల దగ్గర ఏది ఎలా పట్టుకోవాలో తెలియక అవస్థపడ్డాడు. అడుగడుగునా నవ్వులపాలయ్యాడు. ఒక్కసారైనా ‘ఇది మనకెందుకు’ అని వెనుదిరిగాడా? లేదు. నవ్వినవాళ్లనే అడిగి తెలుసుకున్నాడు. తెలియదని ఒప్పుకోవడానికి సిగ్గుపడలేదు. బారిస్టరయ్యే తిరిగొచ్చాడు. పైగా ఆ అవమానాలన్నీ మనకు చెప్పేది వేరెవరో కాదు, పార్వతీశమే. తన టోపీ కథ తనే చెప్పుకున్నాడు.

పశ్చిమ గోదావరి నుంచో నెల్లూరు నుంచో వచ్చి ఇక్కడ ఐటీ కంపెనీలుండే ఓ.ఎం.ఆర్. రోడ్డులో తొలి ఉద్యోగంలో చేరే కుర్రాడి పరిస్థితి ఇదే కదా. మీటింగులో అందరూ గడగడా ఇంగ్లీషు మాట్లాడుతుంటే నోరు పెగలదు. క్యాంటీన్లో తమిళం అర్థం కాదు. అడిగితే ఏమనుకుంటారోనని అడగడు. ఆరు నెలలు అలాగే లోలోపల నలిగిపోతాడు. వాడికి తెల్లవారుజామున ఐదింటికి లేవమని చెప్పే మోటివేషన్ రీల్స్ ఏం ఉపయోగపడతాయి? ‘ఇది నాకు తెలియదండీ, కాస్త చెప్పండి’ అనే ధైర్యం కావాలి వాడికి. పార్వతీశం దగ్గర ఆ ధైర్యం కావలసినంత ఉంది.

నిజ జీవితంలో అలాంటి మనిషి పేరు అడయారు వైపు వెళ్లేవాళ్లు రోజూ బోర్డు మీద చదువుతారు: దుర్గాబాయి దేశ్‌ముఖ్ రోడ్డు. ఆమె గురించి మనకు తెలిసిందల్లా 1923 కాకినాడ కాంగ్రెస్ సభల ముచ్చట. ఖాదీ ప్రదర్శన గేటు దగ్గర వాలంటీరుగా నిలబడ్డ పద్నాలుగేళ్ల పిల్ల, టికెట్ లేదని నెహ్రూనే ఆపేసింది. బాగుంది, కానీ ఆ గేటు దగ్గర ఆమెకు భయమూ లేదు, ఓటమీ లేదు. అసలు కథ తర్వాతిది. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లి, ఏకాంత ఖైదులో ఆరోగ్యం పాడుచేసుకుని బయటికొచ్చేసరికి ఇరవై దాటాయి, చేతిలో మెట్రిక్ కూడా లేదు. సభల్లో వేలమంది చప్పట్లు కొట్టిన మనిషి, తనకంటే చిన్నపిల్లలు రాసే పరీక్షకు పుస్తకాలు పట్టుకుని కూర్చుంది. తను చదువుకుంటూనే మైలాపూరులో ఇతర ఆడపిల్లలను అదే పరీక్షకు చదివించింది. 1937లో ఆంధ్ర మహిళా సభ పుట్టింది ఆ చదువుల్లోంచే. 1942కి లా పూర్తి చేసింది, ఆ తర్వాత రాజ్యాంగ సభలో కూర్చుంది. ఇరవై నాలుగేళ్లకు మెట్రిక్ మొదలుపెట్టడం నెహ్రూని ఆపడం కంటే చాలా కష్టమైన పని. గేటు కథ మాత్రం అందరికీ తెలుసు. మెట్రిక్ కథ ఎవరికీ తెలియదు.

ఎందుకు తెలియదు? ఇక్కడే నా అసలు బాధ. ఈ నగరంలో తెలుగువాళ్ల జీవితాలు పుస్తకాల్లో ఉన్నాయి, ఆ పుస్తకాలు చదవగల పిల్లలు లేరు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టంతో దశలవారీగా పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి అయింది. తమిళం నేర్చుకోవడం మీద నాకు ఏ పేచీ లేదు. ఈ గడ్డ మీద బతికేవాళ్లు నేర్చుకోవాల్సిందే. కానీ దానితోపాటు తెలుగు అక్షరం ఇంటి నుంచి జారిపోతుంటే మనం చూస్తూ ఊరుకున్నాం. అమ్మతో తెలుగులో మాట్లాడే పిల్లలు తెలుగు బస్సు బోర్డు చదవలేరు. వ్యాసర్‌పాడి, పెరంబూరు, కొడంబాక్కం, ఏ వీధికెళ్లినా ఇదే పరిస్థితి.

దానివల్ల పోయేదేమిటో చూడండి. టంగుటూరి ప్రకాశం అంటే 1928లో సైమన్ కమిషన్ వచ్చిన రోజున ఈ ఊరి ప్యారీస్ కార్నర్ దగ్గర తుపాకులకు గుండె చూపించిన మనిషి. విగ్రహానికి సరిపోయే కథ. ఆయన స్వీయచరిత్ర చదివితే మరో ప్రకాశం కనబడతాడు. నాటకాల పిచ్చిలో, అల్లరి సావాసాల్లో తిరిగిన పిల్లాడు. వాడి పరీక్ష ఫీజు కోసం తల్లి పట్టుచీర తాకట్టు పెట్టింది. చదువు దారి తప్పబోతే చేయి పట్టుకుని నిలబెట్టిన మాస్టారు ఉన్నారు. ఇప్పటి పదిహేనేళ్ల పిల్లాడికి తన ముఖం కనబడేది ఆ పేజీల్లోనే.

డాక్టర్ కె.ఎన్. కేసరి సంగతీ అంతే. ఒంగోలు ప్రాంతం నుంచి పేదపిల్లాడిగా మద్రాసు చేరి, లోధ్ర అనే ఆయుర్వేద మందుతో నిలదొక్కుకుని, గృహలక్ష్మి పత్రిక పెట్టి, రచయిత్రులకు స్వర్ణకంకణం తొడిగి, బడి కట్టించిన మనిషి. ఈ నగరంలో దిక్కు లేకుండా గడిపిన రోజుల్ని దాచుకోకుండా ‘చిన్ననాటి ముచ్చట్లు’లో రాసుకున్నారు. ఆయన పేరున్న బడి ముందు నుంచి రోజూ నడిచివెళ్లే తెలుగు పిల్లల్లో ఆ పుస్తకం గురించి విన్నవాళ్లెందరు?

చెన్నైలో తెలుగు సంఘాలకు కొదవ లేదు. హాళ్లున్నాయి, ట్రస్టులున్నాయి, ఉగాదికి పురస్కారాలున్నాయి. జయంతులకు దండ వేసి, నాలుగు ఉపన్యాసాలు ఇప్పించి, పులిహోర పెట్టి పంపించేస్తారు. ఆ ఉపన్యాసాల్లో ఎవరూ ఎక్కడా ఓడిపోరు. వచ్చే ఉగాదికి ఒక్క పని చేయమని అడుగుతున్నాను. వేదిక మీద గొప్పలు చెప్పే గంటలో ఒక అరగంట తీసి, ప్రకాశం గారి పుస్తకం నుంచో కేసరి గారి పుస్తకం నుంచో ఒక ప్రకరణం పిల్లలకు చదివి వినిపించండి. చదవడం రాని పిల్లలకైనా వినడం వస్తుంది. అందులో తిట్లు తిన్నదీ, పస్తులున్నదీ, పరీక్ష తప్పినదీ ఉండేలా ఏరండి. నెలకొక ఆదివారం అదే హాల్లో తెలుగు అక్షరాలు నేర్పే క్లాసు పెట్టండి. హాలు అద్దె మీ చేతిలోనిదే, నేర్పగల రిటైర్డు మాస్టార్లు టి.నగర్‌లోనూ అయనావరంలోనూ ఖాళీగానే ఉన్నారు. అడిగితే రేపే వస్తారు.