ఆన్‌లైన్ దుకాణంలో కష్టం ఎవరి వంతు?

ఫారంలో పేరు రాయగానే 'మీ పేరు చెల్లదు' అని ఎర్రటి అక్షరాలు వస్తాయి. ఇంటిపేరు గడిలో కనీసం రెండక్షరాలు ఉండాలట. లోకంలో ఒకే పేరుతో బతికేవాళ్లున్నారు, ఇంటిపేరుకు ఒక్క అక్షరమే రాసుకునేవాళ్లున్నారు, నాలుగు పేర్లు కలిపి రాసుకునేవాళ్లూ ఉన్నారు. ఆ ఫారం తయారుచేసినవారికి వీళ్లెవరి మీదా కోపం లేదు. అందరి పేర్లూ తమ పేరులాగే ఉంటాయనుకున్నారు, అంతే. కానీ అవతలి మనిషికి అందిన కబురు మాత్రం వేరు: డబ్బిచ్చి కొనడానికి వచ్చినా నువ్వు మా లెక్కలో లేవు అని.

చిన్న ఆన్‌లైన్ వ్యాపారాల్లో సహానుభూతి గురించి మాట వస్తే, చర్చ చాలాసార్లు మాటతీరు దగ్గరే ఆగిపోతుంది. మెయిల్ మొదట్లో ఆప్యాయమైన పలకరింపు, చివర్లో గుండె బొమ్మ, పార్సిల్‌లో చేత్తో రాసిన కృతజ్ఞత చీటీ. ఇవన్నీ మంచివే. నేను మాత్రం మరో చోట వెతుకుతాను. ఏ కొనుగోలులోనైనా కొంత కష్టం తప్పదు. దాన్ని అమ్మేవాళ్లు మోస్తున్నారా, కొనేవాళ్ల నెత్తిన పెడుతున్నారా అన్నదే నాకు ముఖ్యం. ఫోన్ నంబరు మధ్యలో ఖాళీ వదిలినా తీసుకునేలా ఫారాన్ని సరిచేయడం ఒక్కసారి చేసే చిన్న పని. అది చేయకపోతే, వచ్చిన ప్రతి మనిషీ తన నంబరును మళ్లీ మళ్లీ దిద్దుకోవాలి. డిజైన్ అంటే మొదట ఈ పంపకమే. రంగులూ బొమ్మలూ ఆ తర్వాతి సంగతి.

ఈ విషయంలో ప్యాట్రీషియా మూర్‌ను తలచుకోకుండా ఉండలేను. న్యూయార్క్‌లో రేమండ్ లోవీ డిజైన్ సంస్థలో పనిచేస్తున్న రోజుల్లో, ఫ్రిజ్ తలుపు గురించి జరిగిన ఒక సమావేశంలో ఆమె ఒక ప్రశ్న అడిగారు. కీళ్లవాతంతో చేతుల్లో పట్టులేనివాళ్లు కూడా తేలిగ్గా తీయగలిగే తలుపు చేయలేమా అని. అలాంటివాళ్ల కోసం మనం డిజైన్ చేయం అన్నట్టుగా జవాబు వచ్చింది. 1979 నుంచి 1982 దాకా ఆమె ముసలావిడ వేషంలో అమెరికా, కెనడాల్లోని 116 నగరాలు తిరిగారు. చూపు మసకబారే కళ్లద్దాలు, చెవుల్లో అడ్డులు, నడక కుంటుపడేలా కట్టుకట్టిన కాళ్లు. అప్పటికి ఆమె వయసు ఇరవైల్లోనే. వృద్ధుల స్థానంలో నన్ను నేను ఊహించుకుంటాను అని కుర్చీలో కూర్చుని ఉంటే ఎవరూ తప్పుపట్టేవాళ్లు కాదు. ఆ ఊహ చాలదని ఆమెకు తెలుసు.

ఊహ ఎందుకు చాలదంటే, కొనేవాళ్ల స్థానంలో మనల్ని ఊహించుకున్నప్పుడు మన కళ్లు, మన వేళ్లు, మన తీరిక, మన కొత్త ఫోను కూడా వెంట వెళతాయి. తన సైటులో ఏ బటన్ ఎక్కడుందో యజమానికి నిద్రలో లేపినా తెలుసు. అందుకే అది తేలికైన సైటు అని ఆయన మనస్ఫూర్తిగా నమ్ముతారు.

దీనికి 116 నగరాలు తిరగనక్కర్లేదు. సైటును ఎన్నడూ చూడని ఒక మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, ఫలానా వస్తువు కొనండి అని చెప్పి, నోరు మూసుకుని చూడాలి. ఈ నోరు మూసుకోవడమే అన్నిటికన్నా కష్టం. 'అక్కడ కాదండీ, పైన మూల చూడండి' అన్న మాట నాలుక చివరిదాకా వస్తుంది. ఆ మాట ఎక్కడ వచ్చిందో అక్కడే సైటు మాట్లాడాల్సి ఉంది, మాట్లాడలేదు. వేలు ఎక్కడ తటపటాయించింది, ఎక్కడ వెనక్కి వెళ్లింది, ఏ వాక్యాన్ని రెండుసార్లు చదివారు అన్నవి రాసుకోవాలి. ఐదుగురితో పరీక్షిస్తే చాలావరకు లోపాలు బయటపడతాయని వెబ్‌సైట్ల వాడుక తీరును పరిశోధించే జేకబ్ నీల్సన్ 2000లో వాదించారు. ఆ లెక్క మీద నిపుణుల్లో అభ్యంతరాలు లేకపోలేదు. కానీ ఇప్పటిదాకా ఒక్కరినీ కూర్చోబెట్టని వ్యాపారికి ఐదుగురు చాలా ఎక్కువే. ఆ ఐదుగురిలో ఒక్కరైనా చూపు తగ్గినవారో, తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో చదివేవారో ఉంటే మరీ మంచిది. ప్రపంచంలో సుమారు 130 కోట్ల మందికి, అంటే ప్రతి ఆరుగురిలో ఒకరికి, చెప్పుకోదగ్గ వైకల్యం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

సైట్ల వాడుక మీద పనిచేసే నిపుణుడు జారెడ్ స్పూల్ రాసిన ఒక పెద్ద ఆన్‌లైన్ దుకాణం అనుభవం డిజైన్ రంగంలో చాలామందికి తెలిసినదే. కార్ట్ నింపుకున్నవాళ్లకు, డబ్బు కట్టే ముందు లాగిన్ అవ్వాలని, లేకపోతే రిజిస్టర్ చేసుకోవాలని ఒక ఫారం అడ్డొచ్చేది. కొత్తవాళ్లకు చిరాకు కలగడం సహజమే. నన్ను ఆలోచింపజేసింది పాతవాళ్ల పరిస్థితి. ఆ ఫారం ఉన్నదే వాళ్ల సౌకర్యానికట, కానీ ఏ మెయిల్‌తో చేరారో, ఏ పాస్‌వర్డ్ పెట్టుకున్నారో వాళ్లకే గుర్తులేదు. కొందరి పేర పది దాకా ఖాతాలు తేలాయి. రిజిస్టర్ బటన్ తీసేసి 'కొనసాగించండి' అన్న బటన్ పెట్టి, కొనడానికి ఖాతా అక్కర్లేదని ఒక చిన్న వాక్యం చేర్చాక, కొనుగోలు పూర్తిచేసినవాళ్లు 45 శాతం పెరిగారు. వ్యాపారికి రేపెప్పుడో పనికొచ్చే సమాచారం కోసం కొనేవాళ్ల ఇవాళ్టి సమయాన్ని లాక్కోవడం ఎంత ఖరీదైన పొరపాటో ఇంతకన్నా స్పష్టంగా చూపలేం.

చిన్న వ్యాపారాల దగ్గర నాకు బాధ కలిగించేది ఇక్కడే. పెద్ద కంపెనీకి లేని భాగ్యం వీళ్లకుంది. ఫిర్యాదు మెయిల్ నేరుగా యజమాని కంటబడుతుంది. అదే ప్రశ్న మూడోసారి వస్తే, వాక్యం మార్చాలని ఆ సాయంత్రమే నిర్ణయించుకోవచ్చు. ఏ కమిటీ అనుమతీ అక్కర్లేదు. ఇంత దగ్గరితనం ఉండి కూడా చాలామంది పెద్ద దుకాణాలను చూసి వాటి ఎత్తుగడలను తెచ్చుకుంటున్నారు. ఎప్పుడు చూసినా పది నిమిషాల్లో ముగిసిపోయే ఆఫరు, గోదాం నిండా సరుకున్నా 'ఇంకా రెండే మిగిలాయి' అన్న హెచ్చరిక, చివరి పేజీలో మాత్రమే బయటపడే డెలివరీ ఖర్చు. కొన్నిసార్లు ఇవన్నీ టెంప్లేట్‌తో పాటే వస్తాయి. ఆఫ్ చేయాలన్న ఆలోచన ఎవరికీ రాదు. ఇలాంటి వాటికి 2010లో డిజైన్ నిపుణుడు హ్యారీ బ్రిగ్నల్ 'డార్క్ ప్యాటర్న్స్' అని పేరు పెట్టారు. ఈ ఎత్తుగడలు అమ్మకాలు పెంచవని నేననను, పెంచవచ్చు. కానీ ఒకరి కంగారు మీద సంపాదించిన అమ్మకం అది. ఆ కంగారు దిగాక వాళ్లకు గుర్తుండేది వస్తువు ఒక్కటే కాదు.

సహానుభూతికి మరో ముఖం, కొందరిని పలకరించకుండా ఉండటం. బ్రిటన్‌లో ఆన్‌లైన్‌లో పూలు అమ్మే బ్లూమ్ అండ్ వైల్డ్ 2019లో తన కస్టమర్లను, మాతృ దినోత్సవం మెయిళ్లు మీకు వద్దా అని ముందే అడిగింది. దాదాపు 18 వేల మంది వద్దన్నారు. ఆ రోజు పేరు వింటేనే మనసు కలుక్కుమనే కారణాలు ఎన్నో ఉంటాయి: తల్లిని పోగొట్టుకున్నవాళ్లు, బిడ్డను పోగొట్టుకున్నవాళ్లు, బిడ్డ కోసం ఏళ్లుగా ఎదురుచూస్తున్నవాళ్లు. నాకు నచ్చింది, ఆ సంస్థ వాళ్లను కారణం అడగకపోవడం. బాధను నిరూపించుకునే పని కూడా వాళ్ల మీద పెట్టలేదు.

ప్రమాణాల గురించి ఒక్క మాట. వైకల్యం ఉన్నవాళ్లు కూడా సైట్లను వాడగలిగేలా చెప్పే వెబ్ యాక్సెసిబిలిటీ మార్గదర్శకాలు 2.2 వెర్షన్ 2023 అక్టోబరులో వచ్చింది. ఒకే పనిలో ఇచ్చిన సమాచారాన్నే మళ్లీ టైపు చేయించకూడదన్న నియమం అందులో కొత్తగా చేరింది. మామూలు అక్షరాలకూ వాటి వెనక రంగుకూ మధ్య కాంట్రాస్ట్, అంటే వెలుగులో తేడా, కనీసం 4.5:1 ఉండాలన్నది అంతకు ముందు నుంచీ ఉన్నదే. తెల్లటి పేజీ మీద లేత బూడిద రంగు అక్షరాలు అందంగా ఉన్నాయని మురిసిపోయే ముందు దీన్ని కొలిచి చూడటం నిమిషం పని.

ఒంటరిగా వ్యాపారం నడిపేవాళ్లు ఇదంతా చదివి, మా కష్టం ఎవరు చూస్తారు అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. అర్ధరాత్రి వచ్చిన మెసేజ్‌కు అప్పటికప్పుడు జవాబివ్వడాన్ని నేను సహానుభూతి అనను. అలా ఆరు నెలలు చేసినవాళ్లు ఏడో నెలలో విసుక్కుంటారు. 'రెండు పనిదినాల్లో జవాబిస్తాం' అని కనబడేలా రాసి, ఆ మాట నిలబెట్టుకుంటే ఇద్దరికీ నిద్ర పడుతుంది. ఎదురుచూపు కన్నా, ఎంతసేపు ఎదురుచూడాలో తెలియకపోవడమే మనిషిని ఎక్కువ వేధిస్తుంది.

అందుకే ఎవరైనా తమ సైటు చూసి పెట్టమంటే నేను హోం పేజీతో మొదలుపెట్టను. ఆర్డర్ పంపలేకపోయినప్పుడు వెళ్లే మెయిల్ చూపించమంటాను. చాలాచోట్ల దాన్ని ఎవరూ రాసి ఉండరు, సాఫ్ట్‌వేర్‌తో వచ్చిందే ఉంటుంది: 'మీ ఆర్డర్ రద్దయింది.' ఎందుకు రద్దయిందో, డబ్బు ఏ తేదీలోగా ఏ ఖాతాలోకి తిరిగొస్తుందో, రాకపోతే ఎవరికి రాయాలో ఉండదు. ఈ మూడు వివరాలూ వ్యాపారికి తెలుసు. కొన్నవాళ్లు మాత్రం వాటి కోసం మూడు మెయిళ్లు రాయాల్సి వస్తోంది.