గిలకే మోస్తే చేయెందుకు నొస్తుంది?

విద్యానగర్‌లోని మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో నెల రోజులుగా ఒక సందేశం తిరుగుతోంది. సారాంశం ఇది: 'జిమ్ మెషీన్లలో బరువును గిలకలూ తీగలూ మోస్తాయి, మీ కండ కాదు. అక్కడ 60 కిలోలంటే నిజానికి 30. అలా పెరిగిన కండ ఉత్తుత్తి కండ. పైగా మోకాళ్లు పాడవుతాయి. మన పహిల్వాన్లు మెషీన్లు ఎరుగుదురా?' అది చదివి మా పై అంతస్తు మిత్రుడు, అరవై దాటిన మనిషి, ఏడాదిగా చేస్తున్న చెస్ట్ ప్రెస్ (పిడులను ఛాతీ ముందుకు నెట్టే మెషీన్) మానేశాడు. "ఇన్నాళ్లూ మోసపోయామండీ మాస్టారూ" అన్నాడు. ముప్ఫై ఏళ్లు ఇంటర్ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి, ఊరుకోవడం నాకు చేతకాలేదు.

ముందు గిలకల సంగతి. బావి మీది గిలకను గుర్తు తెచ్చుకోండి. దూలానికి బిగించిన గిలక తాడుకు దిశ మార్చిపెడుతుంది, అంతే. చేద నిండా 10 కిలోల నీళ్లుంటే చేతులు ఆ 10 కిలోలూ లాగవలసిందే, ఇరుసు దగ్గరి రాపిడి అదనం. గిలకే మోసేదైతే మా అమ్మమ్మ అరచేతుల్లో కాయలు కాచేవి కావు.

కండ లెక్క ఇంకా చిత్రమైనది. మోచేయి మడిచి, ముంజేతిని నేలకు సమాంతరంగా ఉంచి 10 కిలోల డంబెల్ పట్టుకోండి. మోచేతి కీలు ఇక్కడ మీటకు ఆధారం. డంబెల్ ఆ కీలుకు దాదాపు 35 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. దాన్ని నిలబెట్టే బైసెప్స్ కండ ముంజేతి ఎముకకు అతుక్కున్న చోటు మాత్రం కీలుకు నాలుగైదు సెంటీమీటర్ల దూరమే. బలాన్ని దూరంతో గుణిస్తే వచ్చేది భ్రామకం, అది రెండు వైపులా సరితూగాలి. అంటే 10 కిలోలను ఆపడానికి మోచేతిని మడిచే కండలు 70 నుంచి 88 కిలోల బరువంత బలంతో లాగాలి, ముంజేతి సొంత బరువును లెక్కలో వేయకుండానే. చూడటానికి నష్టబేరమే. అయితే కండ ఒక్క సెంటీమీటరు కుంచించుకుంటే అరచేయి ఏడెనిమిది సెంటీమీటర్లు కదులుతుంది. మనిషి రాయి విసరగలిగేది ఆ బేరం వల్లే.

ఇప్పుడు డంబెల్ పక్కన పెట్టి కేబుల్ మెషీన్ పిడి పట్టుకోండి. తీగ ముంజేతికి లంబంగా 10 కిలోల బలంతో లాగుతోందనుకుందాం. మోచేతి దగ్గర భ్రామకం అంతే, కండ పెట్టాల్సిన బలమూ అంతే. లాగేది ఇనుప గుండా, తీగా, మార్కెట్ నుంచి తెచ్చిన కూరగాయల సంచా అని కండ వాకబు చేయదు.

అసలు తేడా మరోచోట ఉంది. డంబెల్ పూర్తి భారం చూపేది ముంజేయి అడ్డంగా ఉన్నప్పుడే. చేయి కిందికి వేలాడినప్పుడు మోచేతి మీద దాని భ్రామకం దాదాపు సున్నా. 'అసలు వ్యాయామం' అన్నదానిలోనూ విరామాలున్నాయన్నమాట. అమెరికాలో ఆర్థర్ జోన్స్ 1970లో అమ్మకానికి తెచ్చిన నాటిలస్ మెషీన్లలో గుండ్రటి గిలకకు బదులు వంకర చక్రం ఉంటుంది. అది తిరిగేకొద్దీ తీగకూ ఇరుసుకూ మధ్య దూరం మారుతుంది. కండకు పట్టు బాగా దొరికే చోట భారం పెరిగి, పట్టు తక్కువైన చోట తగ్గాలన్నది ఆయన ఉద్దేశం. నాటిలస్ అనేది ఒక సముద్రజీవి, దాని గుల్ల ఆకారమే ఆ చక్రానిది. ప్రతి కంపెనీ వంకర చక్రమూ మనిషి ఒంటికి సరిగ్గా కుదిరిందని మాత్రం నేను పూచీ పడను.

60 కిలోలంటే 30 అన్న మాటలో సగం నిజముంది, అందుకే అది ఎక్కువమందిని పట్టుకుంది. గిలక పైన స్థిరంగా కాకుండా బరువుతో పాటు కదిలేలా కడితే, తాడు రెండు పాయలుగా మోస్తుంది, చేతికి సగమే తెలుస్తుంది. బదులుగా మెషీన్‌లోని ఇనుప ప్లేట్లు ఒక అడుగు లేవాలంటే తాడు రెండడుగులు లాగాలి. కొన్ని కేబుల్ మెషీన్లను అలాగే కడతారు, కొన్నింటిని కట్టరు. సూట్‌కేసులు తూచే కొక్కెం త్రాసు ఒకటి నా దగ్గరుంది. దాన్ని జిమ్‌కు పట్టుకెళితే కోచ్ కుర్రాడు నవ్వాడు. ఎన్ని ప్లేట్లు లేవాలో ఎంచే పిన్ను 20 దగ్గర పెట్టి లాగితే ఒక మెషీన్‌లో పది దాటింది, పక్కదానిలో ఇరవై దాటింది. ఆ తర్వాత ఆ కుర్రాడే త్రాసు అడిగి తీసుకుని మిగతావన్నీ తూచాడు. మెల్లగా దించేటప్పుడు అంకె కాస్త తగ్గింది కూడా, ఎందుకంటే రాపిడి లాగేటప్పుడు మనకు ఎదురు, దించేటప్పుడు మన పక్షం. 45 డిగ్రీల వాలులో జారే లెగ్ ప్రెస్‌దీ ఇదే కథ: 100 కిలోలు పెడితే కాళ్లకు తగిలేది దాదాపు 71, ప్లేట్లు మోసే బండి బరువులో వాటా వేరు. కాబట్టి ఒక మెషీన్ మీది అంకెను ఇంకో మెషీన్‌కు మోసుకెళ్లకండి. సగమే అందుతోందని బాధగా ఉంటే పిన్ను కిందికి దించుకోవచ్చు, ఎవరూ వద్దనరు.

ఉత్తుత్తి కండ అన్న ఆరోపణకు జవాబు చిన్నదే. పలు అధ్యయనాలను కలిపి చూసిన పరిశీలన ఒకటి 2023లో వచ్చింది. కండ పెరగడంలో బార్‌బెల్, డంబెళ్లకూ మెషీన్లకూ చెప్పుకోదగ్గ తేడా అందులో కనిపించలేదు. బలం మాత్రం దేనితో సాధన చేస్తే దానితో పరీక్షించినప్పుడే ఎక్కువగా బయటపడింది. సందేశం రాసినవారికి ఒక్కటి ఒప్పుకుంటాను: మెషీన్ దారి గీసి ఇస్తుంది కనుక బరువు పక్కకు తూలకుండా పట్టే సాధన అక్కడ తక్కువ. గ్యాస్ సిలిండర్‌ను మూడో అంతస్తుకు మోసేవారికి ఆ సాధన కావాలి. బార్ గుండెల మీద పడుతుందేమోనని భయపడే మా మిత్రుడికి ఆ గీసిన దారే కావాలి.

మోకాళ్ల మాట. కూర్చుని కాళ్లు ముందుకు చాచే లెగ్ ఎక్స్‌టెన్షన్‌లో మోకాలి కీలు మెషీన్ ఇరుసుకు సూటిగా ఉండేలా సీటు సర్దుకోవాలి, చాలామంది సర్దుకోరు. మోకాలి చిప్ప నొప్పి ఉన్నవారు, లిగమెంట్ ఆపరేషన్ అయినవారు కాలు పూర్తిగా చాచే ముందు ఫిజియోథెరపిస్టును అడగాలి.

ఇక పహిల్వాన్లు. పాతబస్తీ తాలీంఖానాల్లో, అంటే కుస్తీ నేర్పే చోట్ల, తిప్పే ముద్గరాన్ని, అంటే ఒక చివర గుండు, మరో చివర పిడి ఉన్న గద లాంటి బరువును, చూడండి. 5 కిలోల ముద్గరాన్ని గుండు దగ్గర పట్టుకుని బడి పిల్లవాడైనా ఎత్తుతాడు. పిడి చివర పట్టుకుని అడ్డంగా నిలపమంటే పెద్దవాడి మణికట్టు కూడా వాలిపోతుంది. బరువు పెరగలేదు, దూరం పెరిగింది. కొత్త ముద్గరం కొనకుండానే, పిడి మీద చేయి నాలుగు వేళ్లు జరిపించి ఉస్తాదు శిష్యుడికి భారం పెంచగలడు. 1865లో స్టాక్‌హోమ్‌లో వ్యాయామ యంత్రాల చికిత్సాలయం తెరిచిన గుస్తావ్ జాండర్ అనే వైద్యుడూ మీట మీద బరువును ముందుకూ వెనక్కూ జరిపేవాడు. ఈ రెండింటిలో ఏది మెషీనో, ఏది కాదో ఆ సందేశం రాసినవారే చెప్పాలి.