మహారాజశ్రీ నారింజపండు గారి సముఖమునకు

అయ్యా,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి. కానీ ఈ ఉత్తరం తమరి 1941 నాటి, అంటే రెండో ప్రపంచ యుద్ధకాలపు, లండన్ చిరునామాకు. అప్పటికి ఉభయుల్లో ఒకరు క్యూలో నిలబడి ఉన్నారు, రెండోవారి జాడ లేదు. కనుక ఆ మాట వదిలేస్తున్నాను.

తమరి దర్జా అంతా రేషన్‌లో లేకపోవడంలోనే ఉంది. రేషన్ లేని సరుకంటే డబ్బుంటే ఎంతైనా కొనుక్కోవచ్చని మా లెక్క. బ్రిటన్ ఆహార మంత్రి లార్డ్ వూల్టన్ గారి నిఘంటువు వేరు. రేషన్ పెట్టారంటే అంత సరుకు ఇచ్చి తీరతామని సర్కారు మాట ఇచ్చినట్టు. వెన్న, పంచదార, బేకన్ 1940 జనవరిలోనే ఆ కట్టుబాటులోకి వచ్చాయి. తమరి విషయంలో మాట ఇచ్చే ధైర్యం మాత్రం ఎవరికీ చాలలేదు. అందుచేత తమరికి స్వేచ్ఛ, జనానికి ఖాళీ సంచి.

ఇంతకీ తమరు ఎక్కడున్నారు? 1938-39లో పాలస్తీనా నుంచి కోటిన్నర పెట్టెల్లో ఊరేగుతూ బయలుదేరినవారు! 1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలోకి దిగింది, మధ్యధరా దారి ప్రమాదంలో పడింది, ఓడల్లో చోటు గోధుమలకూ ఆయుధాలకూ పోయింది. లండన్‌లో తల్లులు తమరి కోసం బారులు తీరుతుంటే, తమరు పాలస్తీనాలోని జాఫా తోటల్లో కొనే దిక్కులేక చెట్ల కింద కుళ్ళుతున్నారు. అరటిపండు గారు నయం. 1940 నవంబరులో వారి దిగుమతిని పూర్తిగా ఆపేశారు, ఇక ఎదురుచూపులు లేవు. తమరిలా ఊరించి చంపలేదు.

వచ్చిన రోజున మాత్రం ఏమి వైభవం! పెట్టె దిగిందన్న కబురు కొట్టువాడి నోరు దాటకముందే వీధి చివరిదాకా క్యూ. ఆకుపచ్చ రేషన్ పుస్తకానికి అగ్రతాంబూలం: గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఐదేళ్ళలోపు పిల్లలు. అరవై ఏళ్ళ పెద్దమనిషి తమరిని కళ్ళారా చూసి, వాసన పీల్చి, క్యారెట్లు కొనుక్కుని ఇంటికి పోవలసిందే. వెక్కిరిద్దామనే కలం పట్టాను కానీ, ఇక్కడ చెయ్యి ఆడటం లేదు. ఆ యుద్ధం మొత్తంలో నాకు న్యాయంగా కనిపించిన క్యూ అదొక్కటే.

తమరు రాని రోజుల్లో తమరి వేషం కట్టని కాయా దుంపా లేదు. క్యారెట్‌కు ఏకంగా డాక్టరు పట్టా ఇచ్చి ప్రచార బొమ్మల్లోకి ఎక్కించారు. బడిపిల్లలు కంచెల వెంట తిరిగి అడవి గులాబీ కాయలు టన్నులకొద్దీ ఏరితే, వాటిని సి విటమిన్ కోసం సిరప్‌గా కాచారు. పసిపిల్లలకు స్వీడ్ దుంపను తురిమి రసం పిండి పట్టమన్నారు. పాపం, ఆ పిల్లలు పెద్దయ్యాక దుంపను క్షమించారో లేదో!

చివరికి 1942లో తమరు అమెరికా నుంచి లెండ్-లీజ్ (యుద్ధంలో మిత్రదేశాలకు అమెరికా చేసిన సరుకుల సాయం) పద్దు కింద దిగారు. పండుగా కాదు, సీసాలో చిక్కటి రసంగా. పిల్లల సంక్షేమ కేంద్రంలో కాడ్ చేప నూనె సీసా పక్కన పీట వేశారు. ఆ నూనె తాగించడానికి తమరి రసం చూపించి ఆశపెట్టిన తల్లులు ఎందరో. మహారాజశ్రీ వారికి చివరికి దొరికిన కొలువు, చేప నూనెకు అనుపానం.

మరొక్క మాట. సంస్కృతంలో నారంగం, మాకు నారింజ, అరబ్బులకు నారంజ్. లండన్ చేరేసరికి మొదటి ‘న’ ఎగిరిపోయి ఆరెంజ్ అయ్యారు. దారిలో తరుగు పోవడం తమరికి యుద్ధం నేర్పిన అలవాటు కాదన్నమాట.

ఇట్లు,
ఆకుపచ్చ పుస్తకానికి వయసు మీరిపోయిన
తమ విధేయుడు