‘నల్లవాళ్ళ యూనివర్సిటీలో సినిమా చదువా?’ – ఒక ఫార్వర్డ్‌కి జవాబు

మా మేనకోడలికి వాషింగ్టన్‌లోని హోవర్డ్ యూనివర్సిటీలో ఫిల్మ్ కోర్సుకి అప్లై చేయాలని ఉంది. ఆ మాట ఇంట్లో బయటపడిన మర్నాడే మా బావగారి ఫోన్ నుంచి నాకో ఫార్వర్డ్ వచ్చింది. చాలాసార్లు చేతులు మారిందని చెప్పే రెండు బాణాల గుర్తు పైన ఉంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: ‘అమెరికాలో నల్లవాళ్ళ యూనివర్సిటీలు ఓ వంద ఉన్నాయి. అవి వాళ్ళ కోసమే. ఆ డిగ్రీకి బయట విలువ లేదు. అక్కడినుంచి హాలీవుడ్‌లో పైకొచ్చినవాడు లేడు. స్పైక్ లీ కూడా న్యూయార్క్ యూనివర్సిటీకి పోయాకే డైరెక్టరయ్యాడు. అక్కడ క్రాఫ్ట్ నేర్పరు, జాతి రాజకీయాలు నేర్పుతారు. కెమెరాలుండవు, స్టూడియోలుండవు. సినిమా, టీవీ ప్రొడక్షన్ అక్కడ చదవడమంటే డబ్బు తగలేయడమే.’ చివర మామూలే, పదిమందికీ పంపమని.

బావగారికి ఫోన్‌లో జవాబు చెప్పబోతే, ‘రాసి పంపు, తీరిగ్గా చదువుకుంటా’ అన్నారు. నేను హైదరాబాద్‌లో డీఐ సూట్‌లో పనిచేస్తాను, అంటే తీసిన సినిమాకి రంగులు సరిచేసే పని. కాబట్టి ఇందులో ఒక మాటకైతే నా కుర్చీలోంచే జవాబు చెప్పగలను. మిగతావి చదివి, వెతికి తెలుసుకున్నవి.

‘అవి వాళ్ళ కోసమే’ అన్నదానితో మొదలుపెడదాం. 1964కి ముందు, నల్లజాతీయులకు చదువు చెప్పడమే ప్రధాన ఉద్దేశంగా పుట్టిన సంస్థలని అమెరికా 1965 నాటి ఉన్నత విద్యా చట్టం ‘చారిత్రక నల్లజాతి కాలేజీలు, యూనివర్సిటీలు’ అనే పేరుతో గుర్తించింది. అవి ఎందుకు పుట్టాయంటే మిగతా కాలేజీలు వాళ్ళని గడప తొక్కనివ్వలేదు కాబట్టి. తలుపులు మూసింది వీళ్ళు కాదు. హోవర్డ్ 1867లో మొదలైనప్పుడు తొలి విద్యార్థుల్లో స్థాపకుల కూతుళ్ళు ఉన్నారు, వాళ్ళు తెల్ల అమ్మాయిలు. ఇవాళ ఈ సంస్థలన్నింటినీ కలిపి చూస్తే ప్రతి నలుగురు విద్యార్థుల్లో ఒకరు నల్లజాతికి చెందనివారు. వెస్ట్ వర్జీనియాలో బ్లూఫీల్డ్ స్టేట్ లాంటి చోట్ల తెల్లవాళ్ళే ఎక్కువ. అట్లాంటాలోని మోర్‌హౌస్‌లో 2008లో క్లాసు టాపర్ తెల్ల కుర్రాడు. మన అమ్మాయికి సీటు రాకపోతే అది మార్కుల వల్లో, పోర్ట్‌ఫోలియో వల్లో అవుతుంది తప్ప రంగు వల్ల కాదు.

డిగ్రీకి విలువ లేదన్న మాటకి ఇంకా తక్కువ స్థలం చాలు. హోవర్డ్‌కి గుర్తింపు ఇచ్చేది మిడిల్ స్టేట్స్ కమిషన్. కొలంబియాకీ, ప్రిన్స్‌టన్‌కీ, ఆ ఫార్వర్డ్ రాసినాయన అంతగా మెచ్చుకున్న న్యూయార్క్ యూనివర్సిటీకీ గుర్తింపు ఇచ్చేది కూడా అదే. కమలా హారిస్ 1986లో డిగ్రీ తీసుకున్నది హోవర్డ్‌లోనే. ఆవిడ వైస్ ప్రెసిడెంట్ అయినప్పుడు ‘మన తమిళనాడు అమ్మాయి’ అని స్టేటస్ పెట్టినవాళ్ళే ఇప్పుడు ఇది ఫార్వర్డ్ చేస్తున్నారేమోనని నా అనుమానం. బావగారూ, మిమ్మల్ని అనడం లేదు.

ఇక స్పైక్ లీ సంగతి. ఆయన న్యూయార్క్ యూనివర్సిటీలో ఫిల్మ్ పీజీ చేశాడు, నిజమే. పీజీ చేయాలంటే ముందు డిగ్రీ ఉండాలి కదా. అది మోర్‌హౌస్‌లో, మాస్ కమ్యూనికేషన్, 1979. మోర్‌హౌస్‌లో అప్పట్లో సినిమా క్లాసులు లేవు. పక్కనే ఉన్న క్లార్క్ కాలేజీలో ఉండేవి. ఈ కాలేజీ వాళ్ళు ఆ కాలేజీలో క్లాసులు తీసుకోవచ్చు. 1977 ఎండాకాలంలో న్యూయార్క్ అంతా కరెంటు పోయి అల్లకల్లోలమైన రోజుల్లో ఈ కుర్రాడి చేతిలో సూపర్ ఎయిట్ అనే చిన్న ఫిల్మ్ కెమెరా ఉంది. తిరిగిన వీధులన్నీ తీశాడు. సెలవులయ్యాక ఆ ముక్కలన్నీ క్లార్క్‌లో సినిమా పాఠాలు చెప్పే హెర్బ్ ఐకెల్‌బర్గర్‌కి చూపిస్తే, దీన్ని సినిమాగా కుట్టమని వెంటపడ్డాడాయన. అదే స్పైక్ లీ మొదటి సినిమా. న్యూయార్క్ యూనివర్సిటీ ఆ తర్వాత వచ్చింది.

ఆయన చుట్టూ చేరినవాళ్ళని చూస్తే సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. తొలి సినిమాలకి కెమెరా పట్టిన ఎర్నెస్ట్ డికర్సన్ హోవర్డ్‌లో ఆర్కిటెక్చర్ చదివాడు. నిర్మాణంలో కుడిభుజంగా ఉన్న మాంటీ రాస్ క్లార్క్ విద్యార్థి. శామ్యూల్ ఎల్. జాక్సన్‌ది మోర్‌హౌస్, 1972 బ్యాచ్. దుస్తులు చూసిన రూత్ కార్టర్ వర్జీనియాలోని హాంప్టన్‌లో చదివింది. సినిమా ఫీల్డులో ‘మనవాడు’ అనే మాటకి ఎంత బరువుందో కృష్ణానగర్‌లో అద్దెకున్న ఎవర్నడిగినా చెబుతారు. అక్కడ ఆ మనవాళ్ళు తయారైంది ఈ కాలేజీల్లోనే.

రూత్ కార్టర్ గురించి ఇంకో మాట. స్పెషల్ ఎడ్యుకేషన్ చదవడానికి హాంప్టన్‌లో చేరి, నాటకాల వైపు మళ్ళింది. కాస్ట్యూమ్ డిజైన్‌కి అక్కడ వేరే కోర్సే లేదు. క్యాంపస్ నాటకాలకి తనే బట్టలు వెతికి, కుట్టి, నేర్చుకుంది. 1982లో డిగ్రీ. 2019లో ‘బ్లాక్ పాంథర్’కి ఆస్కార్, 2023లో దాని రెండో భాగానికి మరొకటి. రెండు ఆస్కార్లు గెలిచిన మొదటి నల్లజాతి మహిళ ఆవిడే. కోర్సు లేకపోవడం హాంప్టన్ గొప్పతనమని నేననను. కానీ ‘పైకొచ్చినవాడు లేడు’ అన్న వాక్యం ఇక్కడితో చచ్చిపోయింది. ‘బ్లాక్ పాంథర్’ హీరో చాడ్విక్ బోస్‌మన్ హోవర్డ్‌లో 2000లో డిగ్రీ తీసుకున్నాడు, అదీ డైరెక్షన్‌లో. 2021 నుంచి అక్కడి ఫైన్ ఆర్ట్స్ కాలేజీకి ఆయన పేరే.

ఇప్పుడు నాకు బాగా కోపం తెప్పించిన మాట: ‘క్రాఫ్ట్ నేర్పరు, జాతి రాజకీయాలు నేర్పుతారు.’

నా పని ఎలా ఉంటుందో చెబుతాను. మొన్న ఒక సీన్ వచ్చింది. మధ్యతరగతి ఇంట్లో వంటగది, సాయంత్రం. తండ్రి పాత్రధారి మంచి నలుపు, ఒంటిమీద తెల్ల చొక్కా. పక్కన కూతురు, పాలరంగు. నెత్తిమీద నుంచి గట్టి లైటు కొట్టేశారు. కూతురు మొహం, చొక్కా రెండూ వెలిగిపోతున్నాయి, తండ్రి మొహంలో కళ్ళు తప్ప ఏమీ లేవు. పక్క కుర్చీలోంచి ‘ఆయన మొహం కాస్త లేపండి సార్’ అన్నారు. లేపితే, అంటే వెలుగు పెంచితే, ఏమవుతుంది? నలుపు పోయి బూడిద పూసినట్టు అవుతుంది, చొక్కా బర్న్ అయిపోతుంది. మొహం చుట్టూ మాస్క్ గీసి, ఫ్రేము వెంట ఫ్రేము దాన్ని నడిపించి, ఒక పూట కూర్చుని ఏదోలా నెట్టుకొచ్చాను. అది లైటింగ్‌లో పది నిమిషాల్లో అయ్యే పని. తెల్ల చొక్కాని ముందే టీ డికాక్షన్‌లో ముంచి కాస్త మట్టిరంగు తేవాలి. మొహానికి పౌడర్ అద్దడం మానేసి కొంచెం నూనెతడి ఉంచాలి. పక్కనుంచి పెద్ద థర్మాకోల్ షీటు మీద లైటు కొట్టి, ఆ వెలుగు చెంపమీద పడేలా చూడాలి. నల్లటి చర్మం అద్దంలాంటిది, ఎదురుగా ఉన్న వెలుగు ఆకారాన్ని చూపిస్తుంది. దానికి లైటు ఎక్కువ అక్కర్లేదు, వెడల్పు కావాలి.

మీటర్ కూడా ఇక్కడ మోసం చేస్తుంది. తిరిగొచ్చే వెలుగుని కొలిచే మీటర్ ఏ వస్తువునైనా పద్దెనిమిది శాతం బూడిదరంగు అనుకునే లెక్క చెబుతుంది. నల్లటి మొహానికి పెట్టి, అది చెప్పిన అంకె గుడ్డిగా నమ్మితే మొహం వెలిసిపోతుంది. ఫిల్మ్ రోజుల్లో ఇది ఇంకా ఘోరం. రంగులు సరిచూసుకోవడానికి కొడాక్ కంపెనీ ల్యాబులకి పంపిన నమూనా ఫోటోలో తెల్ల అమ్మాయి ఉండేది. ఆ ఫోటోకి ‘షిర్లీ కార్డ్’ అని పేరు. ఆ అమ్మాయి చర్మం బాగా వస్తే ప్రింటు బాగున్నట్టు. గోధుమరంగు ఛాయల్లో తేడాలు ఫిల్మ్‌లో తెలియడం లేదని చాక్లెట్ కంపెనీలు, ఫర్నిచర్ కంపెనీలు గోల పెట్టాకే ఫిల్మ్ మెరుగుపడింది. మనుషుల మొహాలకి రాని కదలిక చాక్లెట్లకి వచ్చింది.

ఇది జాతి రాజకీయమా, క్రాఫ్టా? రెండూ ఒకే గదిలో కూర్చుని ఉన్నాయి. హోవర్డ్ నుంచి వచ్చిన ఛాయాగ్రాహకుల పేర్లు వరసగా చెప్పుకుంటే విషయం తేలిపోతుంది. ఎర్నెస్ట్ డికర్సన్. 1991లో సండాన్స్ చిత్రోత్సవంలో ఛాయాగ్రహణానికి అవార్డు తీసుకున్న ఆర్థర్ జాఫా. మాలిక్ సయీద్. ‘సెల్మా’ తీసిన బ్రాడ్‌ఫర్డ్ యంగ్, తర్వాత ‘అరైవల్’తో ఛాయాగ్రహణం ఆస్కార్‌కి నామినేట్ అయిన మొదటి ఆఫ్రికన్ అమెరికన్. బ్రాడ్‌ఫర్డ్ యంగ్ లైటింగ్ చూడండి. కిటికీలోంచి వచ్చే వెలుగు ఒక్కటే ఉన్నట్టుంటుంది, గదిలో సగం చీకటే, అయినా నల్లటి మొహంలో పది రకాల ఛాయలు కనబడతాయి. మన హీరోయిన్‌కి చామనఛాయ ఉంటే మేకప్‌తో కొంత, నా కంప్యూటర్‌తో మిగతాది చెరిపేసే మనకి ఈ విద్య అక్కర్లేదా? నాకైతే మా మేనకోడలు ఇదే నేర్చుకుని వస్తే చాలు.

వీళ్ళలో చాలామందికి గురువు ఒకాయన: హైలే గెరిమా. ఇథియోపియాలో పుట్టి, లాస్ ఏంజెలెస్‌లో సినిమా చదివి, 1975 నుంచి దశాబ్దాల పాటు హోవర్డ్‌లో పాఠాలు చెప్పాడు. బానిసత్వం మీద ఆయన తీసిన ‘సంకోఫా’ 1993లో పూర్తయ్యింది. అమెరికాలో ఒక్క డిస్ట్రిబ్యూటర్ ముట్టుకోలేదు. థియేటర్లు దొరకని చిన్న సినిమా నిర్మాత బాధ తెలుగువాళ్ళకి వేరే చెప్పాలా. ఆయన ఏం చేశాడంటే, ఊరూరా థియేటర్ తనే అద్దెకు తీసుకుని, స్థానికుల సాయంతో టికెట్లు అమ్మి, తన ప్రింటు తనే ఆడించుకున్నాడు. జనం వచ్చారు. ఆ తర్వాత, తనూ దర్శకురాలే అయిన భార్య షిరికియానా ఐనాతో కలిసి, యూనివర్సిటీ ఎదురుగా జార్జియా అవెన్యూలో ‘సంకోఫా’ పేరుతోనే పుస్తకాలు, వీడియోల దుకాణం పెట్టాడు. క్లాసులోంచి రోడ్డు దాటితే మేష్టారి దుకాణం. సినిమా తీయడం సగం పని, దాన్ని ఎవరి చేతిలో పెడుతున్నామన్నది మిగతా సగం అని ఇంతకన్నా సూటిగా ఏ సిలబస్ చెబుతుంది?

కెమెరాలు, స్టూడియోల దగ్గర మాత్రం ఫార్వర్డ్‌లో సగం నిజం ఉంది, ఒప్పుకుంటాను. ఈ సంస్థలకి డబ్బు తక్కువ. ఎందుకు తక్కువో కూడా తెలుసుకోవాలి. 2023 సెప్టెంబరులో అమెరికా విద్యా, వ్యవసాయ శాఖల మంత్రులు 16 రాష్ట్రాల గవర్నర్లకి లేఖలు రాశారు. ఆ రాష్ట్రాల్లోని నల్లజాతి ల్యాండ్ గ్రాంట్ యూనివర్సిటీలకి (కేంద్ర ప్రభుత్వ భూసాయం చట్టాల కింద ఏర్పాటైనవి), తెల్లవాళ్ళవిగా మొదలైన యూనివర్సిటీలతో పోలిస్తే మూడు దశాబ్దాల్లో 1,200 కోట్ల డాలర్లకు పైగా తక్కువ ఇచ్చారని లెక్క తేల్చారు. హోవర్డ్ ఆ జాబితాలోది కాదు, దాని నిధుల దారి వేరు. కానీ మొత్తం మీద పరిస్థితి అదీ. కెమెరా కోసం లైన్లో నిలబడాల్సిన కాలేజీలు ఇందులో ఉంటాయి. చేరేముందు ఫలానా కోర్సులో ఒక్కో విద్యార్థి ఎన్ని సినిమాలు పూర్తి చేస్తాడు, పరికరాలు ఎన్నాళ్ళకి ఇస్తారు అని అడగాల్సిందే. న్యూయార్క్‌లో చేరినా అడగాల్సిన ప్రశ్నలే ఇవి.

అయితే ‘స్టూడియోలుండవు’ అనేముందు ఆయన కాస్త వెతికి ఉంటే బాగుండేది. హోవర్డ్‌కి సొంత టీవీ స్టేషన్ ఉంది, డబ్ల్యూహెచ్‌యూటీ, చానెల్ 32. 1980 నవంబరులో వేరే పేరుతో మొదలైన పబ్లిక్ టెలివిజన్ స్టేషన్ అది. అంతకు ముందు 1971 నుంచే సొంత రేడియో కూడా ఉంది. టీవీ ప్రొడక్షన్ చదివే పిల్లలకి నిజంగా ప్రసారమయ్యే స్టేషన్ ఒకటి తమ యూనివర్సిటీదే అయి ఉండటం చిన్న విషయం కాదు. అట్లాంటా కాలేజీలకైతే ఊరే స్టూడియో. జార్జియా రాష్ట్రం 2008లో సినిమాలకి పన్ను రాయితీ పెంచాక షూటింగులు అక్కడికి వరదలా వచ్చాయి. నటుడు, దర్శకుడు టైలర్ పెరీ అట్లాంటాలో పాత సైనిక స్థావరాన్ని కొని, 330 ఎకరాల్లో పన్నెండు షూటింగ్ ఫ్లోర్లున్న స్టూడియో కట్టి 2019లో తెరిచాడు. మోర్‌హౌస్, స్పెల్మన్, క్లార్క్ అట్లాంటా ఉన్నది అదే ఊళ్ళో.

‘డబ్బు తగలేయడం’ అన్నది మిగిలింది. ఇందులో ఫార్వర్డ్ రాసినాయనకి తట్టని అసలు చిక్కు ఒకటుంది. బావగారు నిజంగా టెన్షన్ పడాల్సింది దాని గురించే, పైగా అది ఏ యూనివర్సిటీకైనా ఒకటే. ఎఫ్-1 వీసా మీద చదివిన పిల్లలకి చదువయ్యాక ఓపీటీ కింద పనిచేయడానికి పన్నెండు నెలలు ఇస్తారు. కంప్యూటర్లు చదివిన మన పిల్లలకి ఆ పైన ఇంకో ఇరవై నాలుగు నెలలు వస్తాయి, వాళ్ళ కోర్సులు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) జాబితాలో ఉన్నాయి కాబట్టి. మామూలు ఫిల్మ్ ప్రొడక్షన్ కోర్సు ఆ జాబితాలో లేదు. హోవర్డ్‌లో లేదు, లాస్ ఏంజెలెస్‌లో లేదు. యానిమేషన్, డిజిటల్ మీడియా పేరుతో ఉండే కొన్ని కోర్సులు మాత్రం ఉన్నాయి. ఏది ఏదో, వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 కాగితం మీద కోర్సు పేరు పక్కన ఉండే కోడ్ నంబరు చెబుతుంది. లోన్ ఎంత, ఆ పన్నెండు నెలల్లో అమ్మాయి ఎంత తీర్చగలదు అన్న లెక్క ఆ నంబరు చేతికొచ్చాకే వేయాలి.

అందుకే పిల్లకి చెప్పాను, అప్లికేషన్ నింపేముందు డిపార్ట్‌మెంట్‌కి మెయిల్ పెట్టి ఆ కోడ్ అడగమని. అడిగింది. జవాబు కోసం చూస్తోంది. ఈలోపు వాళ్ళ అమ్మమ్మని వంటింటి కిటికీ దగ్గర కూర్చోబెట్టి, ట్యూబులైటు ఆర్పేసి, థర్మాకోల్ ముక్క ఒకటి తమ్ముడి చేత పట్టించి ఫోన్‌తో వీడియో తీసి పంపింది. మా అమ్మ బాగా నలుపు. ఇంత బాగా ఎప్పుడూ పడలేదు.