ఆరు చుక్కల అతిథి

దసరాకు ముందు సీతమ్మధారలోని మా ఇంటికి రంగులు వేయిస్తుండగా, రాత్రంతా కురిసిన వాన వెలిసిన ఒక ఉదయం, పెరట్లో పేర్చిన ఇటుకల సందున ఒక నల్లని పురుగు కనబడింది. దాని వీపు మీద తెల్లని చుక్కలు ఉన్నాయి. వంగి లెక్కపెట్టాను. ఆరు!

ఆరు చుక్కల నేలపురుగును 1775లోనే ఫాబ్రీషియస్ వర్ణించాడనీ, నేడు దానిని ఆంథియా సెక్స్‌గుట్టాటా అంటున్నారనీ, చీకాకు పెడితే అది పొట్ట చివరి నుండి ఫార్మిక్ ఆమ్లాన్ని చిమ్ముతుందనీ అంతకు వారం ముందే చదివి ఉన్నాను. అందువల్ల స్కూటరు హెల్మెట్ తగిలించుకొని, అద్దం దించి, మా ఆవిడ కడిగి ఎండబెట్టిన ఆవకాయ సీసాలోకి అతిథిని ఆహ్వానించాను.

"ఏమండీ, ఆ పేడపురుగు కోసం హెల్మెటా? బజారుకు వెళ్లేటప్పుడు మాత్రం తల బరువంటారు" అన్నది ఆవిడ. పేడపురుగు మీసాల చివర విసనకర్రలా విచ్చుకొనే రేకులు ఉంటాయనీ, నేలపురుగు మీసాలు పదకొండు కణుపులతో దారంలా సన్నగా ఉంటాయనీ హెల్మెట్ లోపలి నుండే వివరించాను. ఆవిడకు ఎంత వినబడిందో తెలియదు.

భూతద్దం పెట్టి చూస్తే దీని మీసాలు దారంలా లేవు, పూసలు గుచ్చినట్లున్నాయి. హెల్మెట్ అద్దం మీది గీతల వల్ల అలా కనబడుతోందని సరిపెట్టుకున్నాను. నేలపురుగుకు ఆరు కాళ్లలోనూ పాదానికి ఐదేసి కణుపులు ఉండాలి. ముందు కాళ్లకు ఐదు, నడిమి కాళ్లకు ఐదు లెక్క కుదిరాయి గాని, వెనుక కాళ్లకు నాలుగే వచ్చాయి. ఒక కణుపు ఎక్కడో రాలిపోయి ఉంటుందనుకున్నాను. రెండు కాళ్లకూ సరిగ్గా ఒక్కొక్కటే ఎలా రాలిందన్న సందేహాన్ని దరిచేరనివ్వలేదు. ముందు కాలి లోపలి అంచున మీసాలు దువ్వుకొనేందుకు ఒక గంటు ఉండాలి, అదీ లేదు. మీసాల మీద శ్రద్ధ లేని పురుగు కాబోలు. ఆంథియా నాలుగు సెంటీమీటర్ల దాకా ఉంటుంది, ఇది రెండు దాటలేదు. ఇంకా ఎదగవలసిన పిల్ల అని తీర్మానించి, జంతుశాస్త్రం చదువుతున్న మా అమ్మాయికి ఫోను చేశాను.

"నాన్నా, రెక్కల డొప్పలు వచ్చాక పురుగు ఇక పెరగదు. వెనుక పాదానికి నాలుగే కణుపులంటే అది టెనెబ్రియోనిడే, అంటే చీకటి పురుగుల కుటుంబానిది, నేలపురుగు కానే కాదు."

"మరి చుక్కలో?" అని నిలదీశాను.

"మెడ డొప్ప మీద రెండు, రెక్కల డొప్పల మీద నాలుగు, జంటలుగా ఉన్నాయా?"

నా అతిథికి ఐదు చుక్కలు ఎడమ వైపునే ఉన్నాయి. ఆరవది కంటి మీద ఉంది.

ఈ సంభాషణనంతా నిచ్చెన మీది నుండి వింటున్న పెయింటరు కిందికి దిగి, సీసాలోకి తొంగిచూసి, "బాబుగారూ, మొన్న సన్‌షేడుకి ప్రైమర్ కొట్టినప్పుడు ఇది నిచ్చెన కిందే తిరిగీదండి" అంటూ, నేను వారించేలోగా పురుగును పైకి తీసి గోటితో ఒక చుక్కను గీకాడు. చుక్క ఊడివచ్చింది. రెండోదీ ఊడివచ్చింది. మూడోదాని దగ్గర పురుగుకు సహనం నశించి, ఆ కుటుంబానికి సహజమైన ఘాటు వాసనను వదిలింది. సరిగ్గా అప్పుడే దగ్గరగా చూద్దామని హెల్మెట్ అద్దం పైకెత్తిన నేను, కంగారులో దానిని మళ్లీ దించి, ఆ వాసననంతా లోపల బంధించుకున్నాను.

పురుగు మిగిలిన చుక్కలతోనే ఇటుకల్లోకి వెళ్లిపోయింది. ఆవకాయ సీసాను ఆవిడ వంటింటి గడప దాటనివ్వలేదు. అందులో ఇప్పుడు పెయింటరు బ్రష్షులు నానుతున్నాయి.