సవరణ: అగ్గిపుల్లల మీద అమెరికా పెట్టింది నిషేధం కాదు, పన్ను

తెల్ల భాస్వరం అగ్గిపుల్లలపై రాసిన గత పోస్టులో "1912లో అమెరికా వీటి తయారీని నిషేధించింది" అన్న వాక్యం ఉంది. దాన్ని తీసేశాను. ఆ ఏడాది వచ్చిన ఎష్ చట్టంలో తయారీ మీద నిషేధం లేదు. వంద పుల్లలకు రెండు సెంట్ల పన్ను వేశారు, అంతే. 1913 జులై నుంచి అమల్లోకి వచ్చిన ఆ పన్ను సరుకు ధరనే మించిపోయేది. ఇక ఎవడు చేస్తాడు, ఎవడు కొంటాడు? దిగుమతి, ఎగుమతులను మాత్రం సూటిగానే ఆపేశారు.

ఈ చుట్టుదారి ఎందుకంటే, రాష్ట్రాల్లోని ఫ్యాక్టరీల్లో వేలుపెట్టే అధికారం కేంద్రానికి ఉందా లేదా అన్నది అప్పట్లో తేలని విషయం. పన్ను వేసే అధికారం మీద ఆ పేచీ లేదు. నన్నడిగితే గడుసు పనే.

అసలు వీటిని ఆపాలనుకున్నది కార్మికులకు వచ్చే దవడ జబ్బు వల్ల. ఆ ఫ్యాక్టరీల్లో పుచ్చిపళ్లు ఉన్నవాళ్లకే ముప్పు ఎక్కువ. భాస్వరం ఆవిరి ఆ పళ్లలోంచి దవడ ఎముకకు చేరేది. దవడ వాచి, చీము పట్టి, ఎముక ముక్కలుగా ఊడొచ్చేది. కొందరికి దవడే తీసేయాల్సి వచ్చేది.

తెల్ల భాస్వరానికి బదులుగా వాడదగ్గ ఫాస్ఫరస్ సెస్క్విసల్ఫైడ్ అనే రసాయనం పేటెంటు డైమండ్ మ్యాచ్ కంపెనీ చేతిలో ఉండేది. అధ్యక్షుడు టాఫ్ట్ కోరాక 1911లో వదులుకుంది.

బ్రిటన్ మాత్రం పూర్తి నిషేధమే పెట్టింది, 1908 చట్టంతో. మన దేశంలోనూ 1913లో ఆ తరహా చట్టమే వచ్చింది. పెట్టె పక్కన గీసే సేఫ్టీ అగ్గిపుల్లలకు ఈ చట్టాలేవీ వర్తించేవి కావు, అక్కడుండేది ఎర్ర భాస్వరం.